కిటికీకి కట్టిన ముడుపు

ఈ ఏడుతో మా అమ్మకంటే నేను పెద్దదాన్నయ్యాను.

మాటవరసకు అంటున్నది కాదు. అమ్మ వయసు ముప్పై అయిదు దగ్గర ఆగింది. నాకు మొన్న ముప్పై ఆరు వచ్చాయి. పోయినవాళ్ళ వయసు కూడా అలాగే ఆగిపోతుంది కదా అని మా చిన్నత్త ఒక పెళ్ళిలో, నోట్లో లడ్డూ పెట్టుకుని మరీ అంది. మా అమ్మ పోలేదు. ఈ మాట చెప్పి చెప్పి నా నోరు అరిగిపోయింది. ఆమె తెప్పలదిబ్బ అంతరిక్ష మ్యూజియంలో, మూడో హాల్లో, కుర్చీలో కూర్చుని ఉంది. టిక్కెట్టు కొనుక్కున్నవాళ్ళు ఎవరైనా వెళ్ళి చూడవచ్చు.

ఏటా ఆషాఢంలో తెప్పలమ్మ జాతర చివరి శుక్రవారం మేం నెల్లూరు నుంచి బయలుదేరతాం. పొద్దున అమ్మవారి గుడి, మధ్యాహ్నం అమ్మ. మధ్యలో ఎక్కడో నీడ చూసుకుని పులిహోర. పక్కింటివాళ్ళకు మాది పిక్నిక్ లాగే కనిపిస్తుంది. "పుణ్యానికి పుణ్యం, పిల్లకు సైన్సు, బాగుందమ్మా" అంటుంటారు. నేనేమీ అనను. అనడం మొదలుపెడితే ఆపడం నాకు రాదు.

ఈ ఏడు కూడా అలాగే బయలుదేరాం. మా అమ్మమ్మ పెంచలమ్మ ముందు సీట్లో, ఒళ్ళో సారె బుట్ట పెట్టుకుని కూర్చుంది. ఎనభై దాటినా ఆ బుట్ట ఇంకొకరి చేతికివ్వదు. కారు దానంతట అదే పోతున్నా మా నాన్న మునిశేఖర్ స్టీరింగ్ మీది నుంచి చేతులు తీయడు. వెనక నేనూ, నా ఏడేళ్ళ కూతురు ఇహిత.

"తాతా, అమ్మమ్మ మనల్ని చూస్తే గుర్తుపడుతుందా?" అడిగింది ఇహిత. దానికి అమ్మమ్మ అంటే మా అమ్మ ప్రశాంతి. మా అమ్మమ్మను అది తాతమ్మా అంటుంది.

"మనం ఆమెకు కనపడంరా" అన్నాడు నాన్న. జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి, ప్రశ్న వింటే ఊరుకోలేడు. "మనకు ఏడాది గడిస్తే ఆ గదిలో ఒక్క సెకను. నువ్వు పొద్దున్నుంచి సాయంత్రం దాకా కిటికీ ముందర గంతులేసినా, ఆమెకు అది రెప్పపాటులో వందో వంతు."

"మరి ఆమెకేం కనిపిస్తుంది?"

"కదలకుండా ఉండేది. గోడ, కిటికీ ముందరుండే కడ్డీలు. వెనకటికి స్టూడియోలో ఫోటో తీసేటప్పుడు కుదురుగా నిలబడని పిల్లలు పొగలాగా పడేవాళ్ళు. అట్లా."

ఇహిత కాసేపు వేళ్ళు మడిచింది. "అయితే నేను పుట్టి ఆమెకు ఏడు సెకన్లే. ఎవరూ చెప్పుండరు, పాపం."

 

దూరపు నక్షత్రాలకు పోవాలంటే మనిషి ఆయుష్షు చాలదు కాబట్టి, ప్రయాణికుడికి కాలాన్ని నెమ్మది చేసే గది ఒకటి కట్టారు. దాని పేరు మందకాల గది. కట్టినవాళ్ళలో అమ్మ ఒకతె, మొదట కూర్చుంటానన్నదీ ఆమే. లోపల పది నిమిషాలు, బయట ఒక రోజు, అంతే ప్రయోగం. నాకు పదకొండేళ్ళు. మర్నాటికి వచ్చి తల దువ్వుతానని చెప్పి వెళ్ళింది. గది అనుకున్నదానికంటే రెండు లక్షల రెట్లు లోతుకు దిగిపోయింది. ఇది జరిగి పాతికేళ్ళు. అమ్మకు పాతిక సెకన్లు. ఆ పాతిక సెకన్లలో ఆమె ఎర్రదీపం వెలగడం చూసింది, ఏదో తేడా జరిగిందని గ్రహించింది, బెల్టు విప్పింది, పిడి కోసం చెయ్యి చాపింది. ఆ చెయ్యి ఇంకా చాపుతూనే ఉంది.

బయటి నుంచి ఆపరాదా అని అందరూ అడుగుతారు. అమ్మకంటే ముందు చిన్న పెట్టెలో ఒక తెల్ల ఎలుకను పెట్టి, బయటి నుంచి కరెంటు తీశారు. పెట్టె తెరిస్తే చిటికెడు బూడిదరంగు పొడి ఉంది. ఆ తరవాత బయటి స్విచ్చు జోలికి ఎవరూ పోలేదు. గదిని కదపలేక లాబు చుట్టూనే మ్యూజియం కట్టారు. లోపల రెండు పిడులున్నాయి. ఒకటి లాగితే కాలం మెల్లగా మామూలు స్థితికి వస్తుంది. రెండోది తలుపు తీస్తుంది. మొదటిది లాగకుండా రెండోది లాగితే ఎలుకకు పట్టిన గతే.

అమ్మ చెయ్యి రెండోదాని మీదికి పోతోంది.

ఈ సంగతి నాకు తెలిసి ఏడాదైంది. నేను ఫిజియోథెరపిస్టుని. భుజం ఎటు తిరిగితే చెయ్యి అటు పోతుందని రోజూ చూసే మనిషిని. పోయిన జాతరకు వెళ్ళినప్పుడు అమ్మ భుజం ఎడమకు తిరగడం మొదలైంది. అసలు పిడి కుడివైపు ఉంది. ఎందుకిలా అని హాల్లో ఉన్నవన్నీ వెతుకుతుంటే గోడమీది పెద్ద ఫోటో కంటపడింది. ప్రయోగానికి ముందు గదికి పూజ చేసిన ఫోటో. మన లాబుల్లో కొత్త మిషనేదైనా నడిపే ముందు కొబ్బరికాయ కొట్టి, ముందు లాగాల్సిన పిడికి బొట్టు పెట్టడం మామూలే కదా. అమ్మ నెలల తరబడి సాధన చేసిన నమూనా గదిలో ఆ పిడి ఎడమవైపు ఉండేది. అసలు గది బిగించేటప్పుడు తీగల సౌకర్యం కోసం పిడులు అటూ ఇటూ మార్చారు. పూజనాడు బొట్టు పెట్టినవారెవరో అలవాటు కొద్దీ ఎడమదానికే పెట్టేశారు. ఫోటోలో అందరూ నవ్వుతున్నారు. తలుపు పిడి మీద పసుపు రాసి, నడుమ చక్కగా కుంకుమ ఉంది. దీపం ఎర్రగా వెలిగి, గుండె దడదడలాడుతున్న మనిషి దేన్ని చూసి చెయ్యి చాపుతుంది? బొట్టును చూసి చాపుతుంది.

అప్పుడే మ్యూజియం డైరెక్టర్ కోదండపాణి గారి గదిలోకి వెళ్ళాను. పెద్దమనిషి, టీ తెప్పించాడు. నేను చెప్పిందంతా విన్నాడు. కిటికీ ముందు ఒక బోర్డు పెట్టండి, కదలకుండా ఉంటే అమ్మకు కనిపిస్తుంది అన్నాను.

"మేడం, మీ బాధ నాకు అర్థమైంది. కానీ ఆలోచించండి. నేను బోర్డు పెట్టాననుకుందాం. ఆవిడ అది చూసి తడబడితే, ఆ తడబాటులోనే ప్రమాదం జరిగితే, అది నేను చేసిన పని అవుతుంది. నేనేమీ చేయలేదనుకోండి, ఏం జరిగినా అది ఆవిడ చేతిలో ఉన్నది. పైగా ఆ కిటికీ చూడ్డానికి జనం దేశమంతటి నుంచి వస్తారు. అడ్డం పెడితే గొడవ. కమిటీ వేస్తాను."

కమిటీ వేశాడు. కమిటీ కూర్చుంది. కూర్చునే ఉంది. ఈలోగా అమ్మ చెయ్యి ఇంకో జానెడు ఎడమకు జరిగింది. ఇంకో ఏడాదికి వేళ్ళు పిడికి తగులుతాయి.

అందుకని ఈసారి నా సంచిలో పెద్ద పోస్టరు, జిగురు డబ్బా పెట్టుకుని బయలుదేరాను. ఇంట్లో చెప్పలేదు. గుడి దగ్గర పొంగలి ఉడుకుతుండగా చెప్పాను.

తెప్పలమ్మ గుడి సరస్సు ఒడ్డున ఉంటుంది. వేటకు పోయే పడవలవాళ్ళ దేవత. రాకెట్లు వచ్చాక రాకెట్లవాళ్ళ దేవత కూడా అయింది. గుడి ముందు వరుసగా పొయ్యిలు, కుండలు, పొగ, కళ్ళు తుడుచుకుంటూ ఆడవాళ్ళు. అమ్మమ్మ కుండలో గరిటె తిప్పుతూ నా మాట విని, పోస్టరు విప్పి చూసి, మళ్ళీ చుట్టి నా చేతికిచ్చింది.

"నువ్వు అంటించి ఇటు తిరగతావు, వాళ్ళు అటు పీకతారు. నెలల తరబడి ఉండాలంటివే. ఎవురుంచుతారు?"

"మరి ఏం చేయమంటావ్? కమిటీ లేచేదాకా ఆగమంటావా?"

అమ్మమ్మ తల తిప్పి గుడి వైపు చూసింది. గుడి ప్రాకారానికి ఇనప కడ్డీలున్నాయి. వాటి నిండా ముడుపులు. పసుపు గుడ్డలు, కొన్ని కొత్తవి, కొన్ని ఎండకు వెలిసి తెల్లబడ్డవి. ఈ మధ్యే కడ్డీలకు రంగు వేసినట్టున్నారు. రంగు వేసినవాళ్ళు ముడి ఉన్న చోటల్లా వదిలేసి, చుట్టూరా వేసుకుంటూ పోయారు. తెప్పలమ్మ పేర కట్టిన ముడుపును మొక్కు తీరేదాకా కట్టినవాళ్ళు తప్ప ఇంకొకరు విప్పరు. విప్పితే ఆ మొక్కు విప్పినవాళ్ళ నెత్తికెక్కుతుందని ఈ చుట్టుపక్కల నమ్మకం. మ్యూజియంలో పనిచేసేవాళ్ళంతా ఈ చుట్టుపక్కలవాళ్ళే.

అమ్మమ్మ ఆ కడ్డీల వైపే చూస్తూ, "మునిశేఖరా, అంగడికి పోయి గుడ్డ తీసకరా. పెద్దది. నిలువెడల్పు నీ చేతులు చాపినంత ఉండాల" అంది.

నాన్న కదల్లేదు. ఆయనకు విషయం అర్థమైంది. "అత్తా, ఒక మాట. డైరెక్టరు చెప్పింది పూర్తిగా తప్పు కాదు. ప్రశాంతి ఇప్పుడు ఎంత కంగారులో ఉందో మనకు తెలవదు. ఆ కంగారులో ముందర ఏదో రాత కనిపిస్తే... ఒకవేళ భుజం తిరిగినా, చివరికి తనే సర్దుకుని కుడిదాన్నే పట్టుకునేదేమో. మనం పోయి చెడగొడితే?"

ఆ 'ఒకవేళ' నన్ను ఏడాదిగా తింటున్నదే. బయటికి ఎంత ఎగిరినా లోపల నాకూ భయమే. నేను అనుకున్నది తప్పయితే, నా అమ్మను నేనే చంపినదాన్నవుతాను. ఆ మాట పైకి అనేశాను కూడా.

"తప్పయితే ఆ పాపం నాది" అంది అమ్మమ్మ. "కన్నదాన్ని నేను. చెడిపోతాదని చెప్పకుండా ఊరుకుంటే కన్నదాన్నెట్టా అవుతా? బిడ్డ బావి దిక్కు పోతా ఉంటే, పిలిస్తే ఉలిక్కిపడతాదని నోరు మూసుకుంటామా?"

నాన్న లేచి అంగడికి వెళ్ళాడు.

గుడ్డను పసుపు నీళ్ళలో ముంచి, ఆషాఢపు గాలికి ఆరబెట్టాం. కుంకుమను నూనెలో కలిపింది అమ్మమ్మ. ఏం రాయాలి? అమ్మకు చదవడానికి సెకను కూడా ఉండదు. రెండు మూడు మాటలు, అంతే. "బొట్టు తప్పు. కుడిది" అన్నాను. అమ్మమ్మ చెయ్యి ఆగిపోయింది.

"బొట్టు తప్పు అని రాయాలా? నా బిడ్డకా?"

పాతికేళ్ళుగా ఊరంతా ఆ మాటే ఇంకో రకంగా అంటూ వచ్చింది. నాన్నను పెళ్ళికి పిలిచినా భార్య లేనివాడని పీటల మీద కూర్చోబెట్టరు. కర్మ చేసేయమని, ఆడబిడ్డ ఉసురు ఇంటికి మంచిది కాదని సలహాలు. వాళ్ళందరితో పోట్లాడుతూ ఏటా పసుపూ కుంకుమా చీరా తెచ్చి ఆ గాజు ముందు పెడుతున్న ముసలామె అమ్మమ్మ. ఆమె చేత ఆ మాట రాయించడం నాకు మనసొప్పలేదు. నేను రాస్తాలే అన్నాను.

"ఛీ, పో. ముడుపు నాది. నేనే రాయాల." పెదవులు బిగించి, గుడ్డ మీదికి వంగి, ఒక్కొక్క అక్షరం మూరెడు చొప్పున రాసింది. రాసేటప్పుడు ఏడ్చింది. అక్షరాలు మాత్రం వంకర పోలేదు. తరవాత గుడ్డ కొసన పసుపుకొమ్ము, రూపాయి కట్టి అమ్మవారి ముందు నిలబడింది. "నా బిడ్డ తన కాళ్ళ మీద తాను బయటికి వచ్చేదాకా ఈ ముడుపు ఇప్పను. నువ్వేం చేస్తావో నీ ఇష్టం" అంది. మొక్కులా లేదు. అప్పటికప్పుడే ఏదో తేల్చుకోవడానికి వచ్చినట్టుంది. పూజారమ్మ ఒక్క క్షణం తటపటాయించి, గుడ్డకు హారతి చూపింది.

మ్యూజియం గేటు దగ్గర సెక్యూరిటీ మస్తాన్ మా సంచులు చూశాడు. పదేళ్ళుగా మమ్మల్ని ఎరిగినవాడు. పోస్టరూ జిగురూ తీసి పక్కన పెట్టాడు. "ఇయ్యి కుదరవమ్మా." అమ్మమ్మ బుట్టలో పసుపు గుడ్డ చూసి నమస్కారం చేసి లోపలికి పంపాడు.

మూడో హాలు జాతర జనంతో కిటకిటలాడుతోంది. గైడు పిల్ల గడగడా అప్పజెబుతోంది. పాప్‌కార్న్ వాసన. కడ్డీల అవతల, నిలువెత్తు గాజు వెనకాల మా అమ్మ. నీలం దుస్తులు. జడలోంచి ఊడిన వెంట్రుకల పాయ గాల్లో ఎగిరి అక్కడే ఉంది. ఎర్రదీపం వెలుతురు ఒక చెంప మీద పడుతోంది. నోరు కొద్దిగా తెరిచి ఉంది. ఎవరినో పిలవబోతున్నట్టుందని నాకు చిన్నప్పటి నుంచీ అనుమానం. భుజం పూర్తిగా ఎడమకు తిరిగింది. పోయినేటికీ ఇప్పటికీ తేడా నాకు దూరం నుంచే తెలిసింది.

"మీ అమ్మకంటే నువ్వే పెద్దగా ఉన్నావు" అంది ఇహిత.

"అవును. కట్టు, ఆ కొస పట్టుకో" అన్నాను.

నలుగురం నాలుగు కొసలు పట్టుకుని గుడ్డను కడ్డీలకు కట్టాం. రాత గాజు వైపు. ముడులు అన్నీ అమ్మమ్మే వేసింది. జనానికి అమ్మ నడుము నుంచి కింది భాగం కనిపించడం మానేసింది. గైడు పిల్ల మాట మధ్యలో ఆపేసింది. ఎవరో ఫోను తీశారు. కాసేపటికి కోదండపాణి గారు వచ్చారు, నుదుటి మీద చెమటతో.

"ఇదేమిటి మేడం? ఇక్కడ ఇలాంటివి కట్టకూడదు. మస్తాన్, తీసెయ్."

మస్తాన్ గుడ్డ దాకా వచ్చి ఆగాడు. "ముడుపు సార్."

"తెలుసయ్యా. తీయమంటున్నాను."

"నేనిప్పను సార్. నేను ఏటా రొట్టెల పండగకు పోతా, తెప్పలమ్మకూ పోతా. ఎవురి మొక్కు జోలికీ పోను. ఉద్యోగం తీసేస్తే తీసెయ్యండి."

ఊడ్చే ఆడవాళ్ళను పిలిచారు. వాళ్ళు చీపుర్లు కింద పెట్టి లెంపలు వేసుకుని వెనక్కి పోయారు. ఎలక్ట్రీషియన్ను పిలిస్తే తనకు ఆ పని రాదన్నాడు. ముడి విప్పడం రాని ఎలక్ట్రీషియన్ను నేను అప్పుడే చూశాను.

ఇంతలో ఇంకో ఆపద వచ్చిపడింది. జాతర నుంచి వచ్చిన ఆడవాళ్ళు, ఇక్కడ కూడా ముడుపులు కడుతున్నారు కాబోలనుకుని, చేతి రుమాళ్ళూ చీర పేలికలూ తీసి మా గుడ్డ పక్కన, మా గుడ్డ మీద కట్టడానికి సిద్ధమయ్యారు. ఒకావిడ అయితే కుడిది అన్న అక్షరాల మీదికే తన రుమాలు తెచ్చింది. అమ్మమ్మ చేతులు అడ్డం పెట్టింది.

"తల్లీ, ఒకరి ముడుపు మీద ఇంకొకరు కట్టగూడదు. రెండూ చెడతాయి. గుడికి పోయి కట్టుకోండి."

"అట్టాగా పెద్దమ్మా, మాకు తెలవదు" అని ఆమె రుమాలు దాచుకుంది. అలాంటి నియమం ఏదీ లేదు. అమ్మమ్మ అప్పటికప్పుడు పుట్టించింది. ఇప్పుడు గుడిలో కూడా పాటిస్తున్నారని విన్నాను.

కోదండపాణి గారికి ఓపిక అయిపోయింది. "మీరు భక్తిని అడ్డం పెట్టుకుని శాస్త్రీయ ప్రయోగంలో జోక్యం చేసుకుంటున్నారు" అన్నాడు నాతో.

"సార్, బొట్టు పెట్టింది మీ లాబు. ఆ జోక్యాన్ని మేం సరిదిద్దుతున్నాం" అన్నాను. "మీ ఫోటో మీ గోడ మీదే ఉంది, చూడండి."

జనం తలలు ఒక్కసారిగా గోడ వైపు తిరిగాయి. ఎవరో కుర్రవాడు ఫోటోలో బొట్టును, గాజు వెనక పిడులను మార్చి మార్చి చూసి, పక్కవాడికి వేలు పెట్టి చూపించాడు. డైరెక్టరు గబగబా ముందుకొచ్చి మొదటి ముడి మీద చెయ్యి వేశాడు.

ఆ చేతి మీద మా నాన్న చెయ్యి పడింది. పాతికేళ్ళలో నాన్న ఎవరితోనూ గొంతు పెంచగా నేను వినలేదు. ఆనాడూ పెంచలేదు.

"విప్పండి సార్, నేనేం ఆపను. కానీ మీరు మా అమ్మాయికి చెప్పిందే మీకు చెబుతున్నా. ఇంతకాలం మీరేమీ చేయలేదు కాబట్టి బాధ్యత మీది కాదన్నారు. సరే. ఇప్పుడు ఇది విప్పితే మాత్రం అది మీరు చేసిన పని. రేపు నా భార్య ఆ ఎడమ పిడి లాగిందంటే, ఫలానా రోజున హెచ్చరిక పీకేసింది ఫలానా ఆయన అని ఇక్కడున్న వీళ్ళంతా చెబుతారు. మీరు ఊరుకున్నారనుకోండి, ఏం జరిగినా పెంచలమ్మ కట్టింది, ఆమెదే పాపం. ఆమె ఒప్పుకునే కట్టింది."

నాన్న చెయ్యి తీసేశాడు. కోదండపాణి గారి చెయ్యి ముడి మీద కాసేపు అలాగే ఉంది. హాల్లో ఫోన్లన్నీ ఆ చేతి మీదే ఉన్నాయి. తరవాత ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

"కమిటీలో పెడతాను" అన్నాడు.

ఏమీ చేయకపోవడంలో ఆయన ఆరితేరినవాడు. ఆ ఒక్క విద్య మాకు అక్కరకొచ్చింది.

మేం ఇంటికి వచ్చేశాం. తరవాత గడిచిన నెలలు నేను పగవాళ్ళకు కూడా కోరుకోను. గుడ్డ అక్కడే ఉంది. కమిటీ దాన్ని ఏం చేయాలో ఆలోచిస్తూనే ఉంది. మస్తాన్ వారం వారం ఫోటో పంపేవాడు. అమ్మ చెయ్యి ఎడమకే పోతోంది. మనిషి ఒకటి చూసి, చదివి, అర్థం చేసుకుని, చెయ్యి ఆపేసరికి ముక్కాలు సెకనైనా పడుతుందని నాకు తెలుసు. నా పేషెంట్లకు నేనే చెబుతుంటాను. తెలిసి కూడా ప్రతి ఫోటోనూ ముందటి వారం ఫోటో పక్కన పెట్టి చూసేదాన్ని. కార్తీకం దాటాక ఫోటోలో ఏదో తేడా అనిపించింది. పెద్దది చేసి చూశాను. అమ్మ కనుపాపలు పిడి మీద లేవు. కిటికీ వైపు తిరుగుతున్నాయి.

నాన్నకు చూపించాను. ఆయన కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూసి, స్నానాల గదిలోకి పోయి కొళాయి తిప్పుకుని చాలాసేపు ఉండిపోయాడు.

అయినా చెయ్యి ఆగలేదు. కళ్ళు గుడ్డను చదువుతుంటే చెయ్యి తన దారిన తాను పోతోంది. కోదండపాణి గారు ఫోన్ చేసి, "నేను భయపడింది ఇదే మేడం. దృష్టి పిడి మీది నుంచి తప్పింది" అన్నారు. అమ్మమ్మ ఫోను లాక్కుని, "అయితే వొచ్చి ఇప్పు నాయనా" అని పెట్టేసింది. ఆయన రాలేదు.

జాతర మళ్ళీ దగ్గర పడింది. వేళ్ళకూ ఎడమ పిడికీ మధ్య బియ్యపు గింజంత ఎడం ఉన్నప్పుడు చెయ్యి ఆగింది. ఆగిందని మొదట లాబువాళ్ళ యంత్రాలు పట్టాయి, ఆ తరవాత మేము. చాలా వారాలు అక్కడే నిలబడిపోయింది. ఆ వారాల్లో నేను దేవుణ్ణి నమ్మానో, తిట్టానో నాకే తెలియదు. తరవాత మణికట్టు తిరిగింది. కుడికి. అంత దూరం నుంచి వెనక్కి వచ్చి, అమ్మ చెయ్యి కుడి పిడిని చేరుకోవడానికి ఇంకో ఏడాది పట్టింది. పట్టుకున్న రోజున హాలు నిండా లాబు మనుషులే. కోదండపాణి గారు అందరి ముందూ నిలబడి పత్రికలవాళ్ళకు గుడ్డ గురించి వివరించారు, తనే కట్టినట్టు. అననీ. అమ్మ బతికుంది.

పిడి లాగుతున్న కొద్దీ కాలం మెల్లగా మామూలుకు వస్తుంది. ఒక్కసారిగా వస్తే ప్రమాదం కాబట్టి గదిని అలాగే తయారుచేశారు. తలుపు తెరిచే స్థితికి రావడానికి బయట పదేళ్ళు పడుతుందని లాబు పెద్ద ఒకాయన లెక్క కట్టి మాకు చెప్పాడు. చెప్పి, అమ్మమ్మ వైపు చూసి తల దించుకున్నాడు. గుడ్డ ఇక అవసరం లేదు కదా, తీసి మ్యూజియంలో అద్దాల పెట్టెలో భద్రంగా పెడతామని కూడా అడిగాడు.

"అది ఇంకా బయటికి రాలే గదా" అంది అమ్మమ్మ. అంతటితో ఆ మాట ముగిసింది.

ఇంటికి బయలుదేరాం. నాన్న లెక్కల మాస్టారు, ఆయన మనసులో లెక్క ఏమిటో నాకు తెలుసు. నాదీ అదే. ఎనభై నాలుగుకు పది కలపడం కష్టమైన లెక్కేమీ కాదు. అమ్మ తలుపు తీసుకుని వచ్చేసరికి ఎవరు ఉంటారో, ఎవరు ఉండరో అడగడానికి ఇహితకు కూడా ధైర్యం చాలలేదు.

ఇల్లు చేరాక అమ్మమ్మ గడపలో కూలబడి కాళ్ళు చాపింది. రెండు మోకాళ్ళూ వాచి ఉన్నాయి.

"ఊళ్ళో వాళ్ళందరి కాళ్ళూ బాగు చేస్తావంట. నా కాళ్ళకు ఏం చేయాల్నో చెప్పు" అంది.

"రేపు చూద్దాంలే అమ్మమ్మా, అలిసిపోయావు."

"రేపటికి ఒక రోజు తగ్గిపోతాది. ఇప్పుడే చెప్పు. అది తలుపు తీసకొని వొస్తే నేను ఎదురు పోవాల. కుర్చీలో తోసుకొని పోతే నేను రాను. నడిచే పోతా."

నేను కింద కూర్చుని ఆమె కుడి కాలు పట్టుకున్నాను. మోకాలు వంచకుండా పైకి లేపి, అలాగే నిలపమన్నాను. లేపింది. కాలు గజగజ వణికింది. పళ్ళు బిగించింది, నన్ను తిట్టింది, మా తాతను తిట్టింది, ఆ గది కట్టినవాళ్ళను పేరుపేరునా తిట్టింది. చాలు, దించమన్నాను.

దించలేదు.